శ్రీ వ్యాసరాయలవారు - నెట్టికంటి ఆంజనేయుడు

అనంతపురము సీమలో ఏ గ్రామమునకు పోయినను మొదట ఎదురగు దేవుడు ఆంజనేయుడు. కొన్ని ఊళ్లలో ఆయనకు గోపురముతో కూడిన గుడి యుండును. కొన్నిట నాలుగు రాతికంబముల మంటపము మాత్రమే యుండును. మరికొన్నిట ఆకాశమే కప్పుగా, అగసెవాకిట ఒక బండపై సిందూరము పూసికొని నిలిచి యుండును. సేద్యమునకు పోవు రైతు చెప్పులు విడిచి ఒక నమస్కారము చేసి పోవును. గొఱ్ఱెలకాపరి కఱ్ఱను చంకనిడి చేతులు జోడించును. పరీక్షకు పోవు బాలుడు మూడు ప్రదక్షిణములు చేయును. మంత్రము తెలియనివారికిని, పూజారి లేని వేళలందును అందుబాటులో నుండు దేవుడాయన.

ఇంత సులభుడైన దేవుని ఈ సీమలో ఊరూర నిలిపినవారెవరని పెద్దల నడిగినచో తరచుగా వినవచ్చు పేరు శ్రీ వ్యాసరాయలవారిది. వారు విజయనగర సామ్రాజ్యమున రాజులచే పూజలందుకొన్న యతీశ్వరులు. తర్కమున వారు రచించిన గ్రంథములను చదివి గ్రహించుటకు పండితులకే సంవత్సరములు పట్టును. అంతటి విద్వాంసులు అక్షరము రాని పల్లెవారికొరకు దేవుని రాతిలో నిలుపుటకు ఏల పూనుకొనిరో తెలిసికొనుట గ్రంథాలయమును పోషించుకొను గ్రామవాసులకు ఎంతయు తగియున్నది.

వ్యాసరాయలవారు 1460 ప్రాంతమున మైసూరునకు సమీపమున నున్న బన్నూరను గ్రామమున జన్మించిరి. వారి చిన్ననాటి పేరు యతిరాజు. సంతానము లేక చింతించుచున్న దంపతులకు అబ్బూరు మఠాధిపతులైన బ్రహ్మణ్యతీర్థులవారి ఆశీర్వచనముచే ఆ బిడ్డ కలిగెననియు, అందుచేత వానిని మఠమునకే అప్పగించిరనియు సంప్రదాయము చెప్పుచున్నది. బాలుడు గురుసన్నిధిని పెరిగి, సన్న్యాసము స్వీకరించి, వ్యాసతీర్థులను నామమును పొందెను.

1475-76 ప్రాంతమున దేశమునకు కరవు వచ్చెను. ఆ కరవు దినములలోనే బ్రహ్మణ్యతీర్థులవారు పరమపదించిరి. లేతవయస్సుననే మఠభారము శిష్యుని భుజములపై పడెను. ఎండిన బావులు, పాడుపడిన ఊళ్లు ఎట్లుండునో పుస్తకమున చదివి గాక కన్నులార చూచి ఎరిగిన యతి ఆయన. తరువాతి కాలమున వారి పేరు దేవాలయములతో పాటు చెరువుతో కూడ ముడిపడుటకు ఈ తొలి అనుభవమే మూలమని తలచుట తప్పు కాదు.

మఠాధిపత్యము లభించినంతనే చదువు ముగిసినదని వ్యాసతీర్థులవారు భావింపలేదు. కాంచీపురమునకు పోయి అచ్చటి విద్వాంసులయొద్ద దర్శనములను అభ్యసించిరి. తమది మధ్వాచార్యులవారి ద్వైతమతమైనను, ఇతర మతముల గ్రంథములను అంతే శ్రద్ధతో చదివిరి. ఖండింపదలచిన వాదమును ముందుగా దానిని నమ్మువారికంటెను బాగుగ తెలిసికొనవలెనను నియమము వారి గ్రంథములందంతటను కనబడును.

కంచినుండి వారు ములబాగిలు చేరి శ్రీపాదరాజులవారికి శిష్యులైరి. శ్రీపాదరాజులవారు సంస్కృతమున గొప్ప పండితులయ్యును, కన్నడమున పాటలు కట్టి దేవుని సన్నిధిని పాడించినవారు. పండితుల భాషలో శాస్త్రమును, ప్రజల భాషలో భక్తిని చెప్పుట ఒకదానికొకటి విరోధము కాదను పాఠము వ్యాసతీర్థులవారికి ఇచ్చటనే అబ్బెను. వారును తరువాత కన్నడమున కీర్తనలు రచించిరి. గురువు ప్రేరణచే చంద్రగిరికి పోయి సాళువ నరసింహరాయల గౌరవమును పొందిరి. తిరుమలలో పండ్రెండు సంవత్సరములు శ్రీనివాసుని అర్చించిరని మధ్వుల సంప్రదాయము.

అనంతరము వారి నివాసము విజయనగరమాయెను. 1509 నుండి 1529 వరకు రాజ్యమేలిన కృష్ణదేవరాయలకు వారియందు అపారమైన గురుభావము. రాయలకు కుహూయోగమను దుర్ముహూర్తము సంభవించినపుడు, ఆ గండమును తాము మోయుటకై వ్యాసతీర్థులవారు సింహాసనముపై కూర్చుండిరని ఒక కథ కలదు. కీడు ఎదురైన క్షణమున తమ కాషాయవస్త్రమును సింహాసనముపై వేయగా ఆ వస్త్రము మాత్రము దగ్ధమాయెనట. ఆనాటినుండియే వారికి వ్యాసరాయలను పేరు వచ్చెనని చెప్పుదురు. రాజు ప్రాణమునకు వచ్చిన ఆపదను తన తలపై వేసికొనిన యతిగా ప్రజలు వారిని జ్ఞాపకముంచుకొనిరి.

పండితలోకమున వారి కీర్తి మూడు గ్రంథములపై నిలిచినది. అవి న్యాయామృతము, తాత్పర్యచంద్రిక, తర్కతాండవము. ఈ మూటిని కలిపి వ్యాసత్రయమందురు. న్యాయామృతమునకు సమాధానముగానే మధుసూదన సరస్వతి అద్వైతసిద్ధియను మహాగ్రంథమును రచించెను. ఎదిరిపక్షమువారిచే అంతటి గ్రంథమును వ్రాయించుటకంటె ఒక గ్రంథమునకు వేరు గౌరవమేమి కావలయును? వారి కాలముననే సోమనాథకవి సంస్కృతమున వ్యాసయోగిచరితమను చంపూకావ్యమును వ్రాసెను. ఆ కావ్యము 1926 సంవత్సరమున బెంగుళూరునందు అచ్చుపడినది.

పండితులతో వాదించిన ఈ మహనీయుని చుట్టును చేరిన శిష్యులు మాత్రము పండితులే కారు. విజయీంద్రతీర్థులు, వాదిరాజతీర్థులు వంటి విద్వాంసులతో పాటు పురందరదాసు, కనకదాసు వారి శిష్యులైరి. నేడు తెలుగుదేశమున సంగీతమును ఆరంభించు ప్రతి బాలికయు, బాలుడును మొదట నేర్చుకొను పాఠములు పురందరదాసు ఏర్పరచిన క్రమమున నున్నవే. కనకదాసు కురుబ కులమున పుట్టినవాడు. అట్టివానిని చేరదీయుట మఠములోని కొందరికి నచ్చలేదు. గురువు ఒకనాడు అందరికిని తలకొక అరటిపండు ఇచ్చి, ఎవరును చూడని చోట తిని రమ్మనెనట. అందరును ఏదో మూలకు పోయి తిని వచ్చిరి. కనకదాసు మాత్రము పండును అట్లే తెచ్చి, దేవుడు చూడని చోటు తనకు దొరకలేదని విన్నవించెను. ఆ ఒక్క మాటతో ఆక్షేపించినవారి నోళ్లు మూతపడెను.

కనకదాసును గూర్చిన మరియొక కథ ఈ మెట్టసీమవారికి ఇంకను ప్రియమైనది. కృష్ణదేవరాయలు వ్యాసరాయలవారికి బెట్టకొండయను గ్రామమును దానమిచ్చెను. అచ్చట వ్యాససముద్రమను గొప్ప చెరువు నిర్మింపబడెను. చెరువు పని జరుగుచుండగా కనకదాసు వచ్చి తనకు మంత్రోపదేశము చేయుమని వేడెనట. పని తొందరలో నున్న గురువు, గొఱ్ఱెలు కాచువానికి మంత్రమెందుకని తలచి, దున్నపోతు పేరు చెప్పి పంపివేసెను. కనకదాసు ఆ పేరునే మంత్రముగా గైకొని జపించెను. యముని వాహనమైన మహిషమే వచ్చి అతని యెదుట నిలిచెను. తూమునకు అడ్డుపడి ఎంతమందికిని కదలని బండను ఆ దున్న తొలగించెను. తేలికగా అన్న మాట తమకే గుణపాఠమైనదని గురువు గ్రహించిరి. మహాత్ముడైన గురువు సయితము ఒకప్పుడు పొరబడవచ్చుననియు, నమ్మకము గల శిష్యుడు ఆ పొరబాటునుండియే నీటికి దారి తీయవచ్చుననియు ఈ కథ చెప్పుచున్నది.

ఇట్టి గురువు తమ ఉపాసనకు ఆంజనేయుని ఎన్నుకొనుటలో వింత లేదు. మధ్వమతమున ఆంజనేయుడు ముఖ్యప్రాణుడు. వాయుదేవుడు త్రేతాయుగమున హనుమంతుడుగను, ద్వాపరమున భీముడుగను, కలియుగమున మధ్వాచార్యులుగను అవతరించెనని ఆ మతమువారి విశ్వాసము. కాని మతసిద్ధాంతము తెలియనివారికి సయితము ఆంజనేయుని స్వభావము రామాయణముననే స్పష్టముగ కనబడును. ఋశ్యమూకమున తొలిసారి ఎదురైనపుడు ఆయన పలికిన మాటలు విని, వేదమును వ్యాకరణమును చక్కగా చదువనివాడు ఇట్లు మాటాడలేడని శ్రీరాముడు తమ్మునితో ప్రశంసించెను. కావున ఆంజనేయుడు మొదట విద్వాంసుడు, తరువాతనే బలశాలి.

ఆ బలమైనను తనకు తెలిసిన బలము కాదు. సముద్రతీరమున వానరవీరులందరును తాము ఎన్ని యోజనములు దాటగలరో చెప్పుకొనుచుండగా ఆయన ఒక మూల మౌనముగ కూర్చుండెను. జాంబవంతుడు వచ్చి జ్ఞాపకము చేసిన పిదపనే లేచి పెరిగెను. సంజీవని ఏదో గుర్తింపలేనపుడు వెనుదిరుగక కొండనే మోసికొని వచ్చెను. ఇంత చేసియు ఆయన రాజ్యమును కోరలేదు, ధనమును కోరలేదు. రామకథ లోకమున చెప్పబడుచున్నంత కాలము తాను జీవించి యుండవలెనని మాత్రము కోరెను. కథ చదువబడుచోట, కథ వినబడుచోట ఆయన యుండుననుటకు ఆ కోరికయే ఆధారము. నేటికిని పురాణకాలక్షేపము జరుగుచోట ఆయనకొరకు ఒక పీట వేయు ఆచారము కొన్ని ఊళ్లలో కలదు.

వ్యాసరాయలవారు ఆంజనేయుని నిలిపిన స్థలములలో హంపీక్షేత్రము ప్రసిద్ధము. తుంగభద్రాతీరమున చక్రతీర్థమునకు చేరువలో వారు ధ్యానము చేయుచు, ఎదుటి బండపై బొగ్గుతో ఆంజనేయుని రూపమును వ్రాసిరట. ధ్యానము ముగియునంతలో ఆ రూపము కోతియై దుమికి పోయెడిది. పండ్రెండు దినములు ఇట్లే జరిగెను. పిమ్మట వారు షట్కోణ యంత్రమును వ్రాసి, చుట్టును పండ్రెండు కోతులను ఒకదాని తోకను మరియొకటి పట్టుకొనునట్లు చిత్రించి, నడుమ స్వామిని నిలిపిరి. చంచలుడైన వాయుపుత్రుడు ఆ యంత్రమున పద్మాసనమున కూర్చుండెను. ఆ మూర్తికి యంత్రోద్ధారక ఆంజనేయుడని పేరు.

ఇట్టి వృత్తాంతమే అనంతపురము మండలమున గుంతకల్లునకు సమీపమున నున్న కసాపురమునందును చెప్పబడుచున్నది. వ్యాసరాయలవారు ప్రతిదినమును తాము ధరించు గంధముతోనే ఎదుట నున్న రాతిపై ఆంజనేయుని చిత్రించుచుండిరి. ఆ చిత్రము ప్రాణము పొంది లేచి పోవుచుండెను. అంతట వారు స్వామి ద్వాదశనామముల బీజాక్షరములతో ఒక యంత్రమును రచించి అందు రూపమును వ్రాయగా అది కదలలేకపోయెను. ఒకనాటి రాత్రి స్వామి స్వప్నమున కనబడి తనకు గుడి కట్టింపుమనెను. స్థలమెచ్చట అని అడుగగా, పోవుచుండుము, ఎండిన వేపచెట్టు ఎచ్చట చిగిర్చునో అదియే నా స్థలమని సూచించెను. వ్యాసరాయలవారు నెట్టికల్లు గ్రామప్రాంతమునకు వచ్చునప్పటికి ఎండిన వేప పచ్చని చిగురు తొడిగెను. అచ్చట త్రవ్వింపగా ఒంటికన్ను కనబడు ఆంజనేయమూర్తి లభించెను. నెట్టికల్లున వెలసినవాడగుటచే ఆయన నెట్టికంటి ఆంజనేయుడాయెను. ఈ ప్రతిష్ఠ 1521 సంవత్సరమున జరిగెనని ఆలయసంప్రదాయము.

ఈ రెండు కథలలోను ఒక్కటే భావమున్నది. బలము గాలి వంటిది. పట్టువిడిచినచో ఎచ్చటికో పోవును. దానిని ఒకచోట నిలిపి లోకమునకు ఉపయోగించునట్లు చేసినది ఖడ్గము కాదు, గొలుసు కాదు, అక్షరము. శాస్త్రమునందు జీవితమంతయు గడిపిన యతి చేతిలో ఆ అక్షరము యంత్రమాయెను. అట్లు నిలిచిన బలమును ఆయన రాజాంతఃపురమున దాచక, ఎండిన వేపచెట్టు క్రింద, జొన్నచేల నడుమ, అందరికిని అందునట్లుంచెను.

వ్యాసరాయలవారు మొత్తము 732 ఆంజనేయమూర్తులను ప్రతిష్ఠించిరని ప్రసిద్ధి. వారి సంప్రదాయమునకు చెందిన మూర్తులకు కొన్ని గుర్తులు కలవు. స్వామి ఎదురుగా నిలువక పక్కకు తిరిగి నడచుచున్నట్లుండును. అందుచేతనే ముఖమున ఒక్క కన్ను మాత్రము కనబడును. కుడిచేయి అభయమిచ్చుచు పైకెత్తబడి యుండును. ఎడమచేత పద్మముండును. తోక తలమీదుగా వంగి, దాని కొనను చిన్నగంట వ్రేలాడుచుండును. నిలిచియుండియు నడచుచున్నట్లు కనబడు దేవుడు కావున, పిలిచినచో వెంటనే బయలుదేరునని పల్లెవారి నమ్మకము.

రాయదుర్గము ప్రాంతముననున్న మురడి, నేమకల్లు ఆంజనేయులను కూడ వ్యాసరాయలవారే ప్రతిష్ఠించిరని చెప్పుదురు. కసాపురము, మురడి, నేమకల్లు ఈ మూడు క్షేత్రములను శ్రావణమాసమున ఒకే దినమున దర్శించుట గొప్ప పుణ్యమని భక్తులు భావింతురు. కడప సీమలో పాపఘ్నీ తీరమున గండిక్షేత్రమునందలి వీరాంజనేయునకును వారి పేరుతో సంబంధము కలదు. శ్రీరాముడు బాణపుకొనతో కొండపై గీసిన రూపమును వ్యాసరాయలవారు శిల్పముగ మలచిరని అచ్చటి స్థలపురాణము.

శ్రావణమాసమున కసాపురము చూడదగిన క్షేత్రము. శని, మంగళవారములందు జనులు తండోపతండములుగ వత్తురు. అనంతపురము, కర్నూలు సీమలవారే కాక, బళ్లారి మున్నగు కన్నడసీమలవారును వత్తురు. ఆకుపూజలు, వడమాలలు, సిందూరసేవలు జరుగును. అయితే ఆ జనుల మనస్సులు ఆ మాసమున పంటపొలముల మీదనే యుండును. ఈ పీఠభూమిలో సాలీనా కురియు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. నైఋతి మేఘములు పడమటి కనుమలయొద్దనే చాల వరకు కురిసిపోవును. తూర్పు సముద్రమునుండి వచ్చునవి ఇంతదూరము వచ్చుసరికి బలహీనపడును. ఆషాఢ శ్రావణములలో గాలి హోరున వీచుచు మబ్బులను తరుముకొని పోవుచుండ, విత్తిన రైతు తలయెత్తి ఆకాశమును చూచుచుండును. గాలి మబ్బును తెచ్చునదియే, తరుమునదియు అదియే. ఆ గాలి కుమారునకే మొక్కుట ఈ సీమవారికి సహజమైనది.

మొక్కిన ప్రతిసారియు వాన కురియుట లేదు. 1876-78 నాటి మహాకరవు ఈ సీమను పీడించెను. తరువాతను కరవులు వచ్చుచునే యున్నవి. పంట పోయిన ఏట ఇంటికి తాళము వేసి, పనులు వెదకుకొనుచు బెంగుళూరు దారి పట్టు కుటుంబములు కలవు. అట్టివారును అగసెదాటునపుడు ఆంజనేయుని యెదుట టెంకాయ కొట్టి పోవుదురు. తిరిగివచ్చిననాడు మరల అచ్చటనే మ్రొక్కి ఊరిలోనికి అడుగిడుదురు. వాన కురిపింపలేదని ఆయనపై అలుగుదురే గాని ఆయనను విడువరు. ఆయన వారికి ధనమిచ్చు దేవుడు కాడు. ఓడినవానికి తన బలమును జ్ఞాపకము చేయు దేవుడు. సముద్రతీరమున జాంబవంతుడు తనకు చేసిన ఉపకారమునే ఆయన అగసెవాకిట నిలిచి అందరికిని చేయుచున్నాడు.

వ్యాసరాయలవారు కూడ దేవుని నిలిపి, ఇక వాన సంగతి ఆయనయే చూచుకొనునని ఊరకుండలేదు. వ్యాససముద్రమును గూర్చిన కథలో గురువు జపమాలతో కూర్చుండలేదు. చెరువు పనిలో నుండెను. ప్రార్థనకును ప్రయత్నమునకును నడుమ వారు గోడ కట్టలేదు. కురిసిన కొద్దినీటిని నిలుపుటయు, చెదరిపోవు బలమును నిలుపుటయు ఒకే విధమైన పని. ఒకదానికి కట్ట కావలెను; రెండవదానికి అక్షరము కావలెను.

కృష్ణదేవరాయల అనంతరము అచ్యుతదేవరాయల కాలమునను వ్యాసరాయలవారు విజయనగరముననే పూజలందుకొనుచుండిరి. 1539 సంవత్సరమున ఫాల్గుణ బహుళ చవితినాడు వారు పరమపదించిరి. ఆనెగొందియొద్ద తుంగభద్ర నడుమనున్న దీవిలో, నవబృందావనమను పవిత్రస్థలమున వారి బృందావనము కలదు. ఇరువదియారు సంవత్సరములు తిరుగకముందే, 1565లో విజయనగరము నాశనమాయెను. రాజధాని పెనుకొండకు వచ్చెను. సింహాసనములు, ఏనుగుసాలలు, భవనములు మట్టిలో కలిసెను. అగసెవాకిలి ఆంజనేయుడు మాత్రము నిలిచి యుండెను. సామ్రాజ్యము లేకపోయినను ఆయనకు దీపము పెట్టువారు కొరవడలేదు.

2019 జూలైలో నిధికాశతో కొందరు దుర్మార్గులు ఆ బృందావనమును త్రవ్వి పడద్రోసిరి. అచ్చట వారికి నిధి దొరకలేదు. వార్త తెలిసిన వెంటనే భక్తులు చేరి, చెదరిన రాళ్లను తిరిగి పేర్చి, కొలది దినములలోనే బృందావనమును పునర్నిర్మించిరి. వ్యాసరాయలవారు దాచిన నిధి రాతిక్రింద నుండునది కాదు. అందొక భాగము చదువుకొనువారికొరకు వ్యాసత్రయమున నున్నది. రెండవ భాగము చదువురానివారికొరకు అగసెయొద్ద సిందూరము పూసికొని నిలిచి యున్నది. పుస్తకము తెరచు చేయియు, ఆ బండకు మ్రొక్కు చేయియు ఒకటే అయిన గ్రామమున ఆ మహనీయుని శ్రమ ఫలించినట్లే.